తోమని బిందె

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో మా అక్క వాళ్ళింట్లో వెనకవైపు ఒక గది ఉంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, తూర్పున ఒకటే కిటికీ. ముందుగా కనబడేది బొడిపెలు కొట్టిన నల్లని ఇనుప తలుపు. ప్రతి బొడిపె కిందా సన్నగా జారిన తుప్పు చార. లోపల కిటికీకి అటూ ఇటూ రెండు ఇత్తడి స్తంభాలు. ఎదుటి గోడ నడుమ నిలువెత్తు రాగిపలక, దాని చెక్కడాల సందుల్లో పచ్చటి కిలుం. వేలి కణుపుతో తలుపు మీద కొడితే మాత్రం ఇనుము మోగదు, చెక్క పలుకుతుంది. స్తంభాన్ని తాకితే చల్లగా తగలదు. అసలక్కడ స్తంభమే లేదు, చదునైన గోడ ఉంది. బందులు, గడియ, మేకులు, కిటికీ ఊచలు తప్పిస్తే ఆ గదిలో లోహమనేది లేదు. ఉన్నదంతా చెక్క, లప్పం, రంగు, నలభై రోజుల ఓపిక.

ఈ గదికి మూలం మా మేనల్లుడు. ఉదయగిరి కొండ ఎక్కి వచ్చిన నాటి నుంచి వాడికి కోట తప్ప వేరే మాట లేదు. 3,079 అడుగుల ఎత్తున్న ఆ కొండ మీది కోటను గజపతుల చేతుల్లోంచి గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదిన్నర పట్టింది. 1513లో మొదలైన ముట్టడి 1514లో ముగిసింది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపీకి తీసుకుపోయి 1515లో గుడి కట్టించాడు. ఈ కథంతా కొండ దిగుతూ విన్న పిల్లవాడు ఇంటికొచ్చి, తన గది కోటలా ఉండాలన్నాడు. అక్క ఒక పెయింటింగ్ మేస్త్రీని పిలిపించింది. ఫలానా తలుపుకు, ఫలానా స్తంభానికి అచ్చు నకలు దించాలని ఎవరూ అనుకోలేదు. మన కోటల తరహా, మన ఇళ్ళలో ఉండే లోహాలు, ఈ రెండూ కలిస్తే చాలనుకున్నారు.

మేస్త్రీ వచ్చి గోడలు చూశాడు, మూలలు తట్టాడు, ఆపైన వంటింట్లోకి వెళ్ళి అమ్మను మూడు వస్తువులు అడిగాడు: ఒక ఇత్తడి బిందె, ఒక రాగి చెంబు, పెరట్లో గోడకు ఆనించి ఉన్న పాత నాగలి కర్రు. "వీటిని తోమబాకండమ్మా. పనయ్యేదాకా ఇట్టాగే ఉండనీండి" అన్నాడు. అమ్మకు అది నచ్చలేదు. పండక్కీ పబ్బానికీ చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే బిందె అది. అయినా ఇచ్చింది. ఆ మూడింటినీ గది మధ్యలో పీట మీద పెట్టుకుని మేస్త్రీ పని మొదలుపెట్టాడు. ఆ పనిలో సగం రోజులు నేను దగ్గరుండి చూశాను.

డబ్బాలో ఏముంది

ముందు రంగు సంగతి. మామూలు పసుపు రంగు ఎంత మంచిదైనా బంగారం కాదు, బూడిద రంగు వెండి కాదు. మామూలు రంగులోని రేణువులు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. లోహం అలా చెయ్యదు, అద్దంలా తిప్పి పంపుతుంది. అందుకే మనం కదిలితే లోహం మీది మెరుపు కూడా కదులుతుంది. గోడ మీద ఆ కదలిక రావాలంటే రంగులో గుండ్రటి రేణువులు పనికిరావు, చదునైన రేకులు కావాలి. అవి గోడకు సమాంతరంగా చేపపొలుసుల్లా పరుచుకోవాలి.

ఇంటి గేటుకు కొట్టే సిల్వర్ పెయింటులో ఉండేవి అల్యూమినియం రేకులు. వాటికి స్టియరిక్ ఆమ్లం పూత ఉంటుంది. ఆ పూత వల్ల అవి తడిరంగులో మునగకుండా పైకి తేలి, ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. గేటు ఈటె మొనలకు పూసే పాతరకం గోల్డ్ పెయింటులో ఉండేది రాగి, జింకు కలిసిన మిశ్రమలోహపు పొడి. అది నిజమైన లోహం కనుక కొన్నేళ్ళకు గాలి తగిలి నల్లబడుతుంది. ఇప్పుడు గోడలకు వాడే మెటాలిక్ రంగుల్లో చాలావాటి వెనక ఉన్నది లోహం కాదు, అభ్రకం. మైకా.

అభ్రకానికి తెలుగులో ఇంకో పేరు కాకిబంగారం. బంగారం కాకపోయినా మెరిసేదానికి మన పెద్దవాళ్ళు పెట్టిన పేరు. ఆ రాయి ఈ నేలదే. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి పాత తాలూకాల మీదుగా సాగే భూభాగాన్ని భూవిజ్ఞానులు నెల్లూరు అభ్రకపు పట్టీ అంటారు. ఇక్కడి ఆకుపచ్చ మైకాకు వ్యాపారంలో ప్రత్యేకమైన పేరుంది. విద్యుత్తుకు లొంగని గుణం కోసం, వేడికి చెడని గుణం కోసం లోకమంతా దీన్ని కొనుక్కుంది. ఈ ప్రాంతాల్లో పుట్టినవాళ్ళు చిన్నప్పుడు మైకా ముక్కను గోటితో పొర తరవాత పొరగా విడదీస్తూ ఆడుకునే ఉంటారు. ఎంత పలచన చేసినా ఇంకో పొర వస్తుంది. రంగుల తయారీకి ఆధారం సరిగ్గా ఆ గుణమే.

అభ్రకాన్ని పొడి చేసినా అది ఇసుకలా గింజలు కాదు, రేకులుగానే ఉంటుంది. రంగులో వాడే రేకు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. దాని మీద టైటానియం డయాక్సైడ్ పూత పడుతుంది. ఆ పూత మందం నానోమీటర్లలో కొలవాలి, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతులు. పూత నలభై నుంచి అరవై నానోమీటర్లుంటే రేకు వెండిలా మెరుస్తుంది. ఇంకొంచెం మందమైతే బంగారు ఛాయ తిరుగుతుంది. ఇంకా పెంచుతూ పోతే ఎరుపు, నీలం, ఆకుపచ్చ వస్తాయి. వేసింది ఒకే తెల్లటి పదార్థం, మారింది మందం మాత్రమే. వానకు తడిసిన రోడ్డు మీద నూనెచుక్క పడితే ఏడురంగులు కనిపించేదీ, సబ్బు బుడగ మీద రంగులు తిరిగేదీ ఈ కారణం చేతనే. పలచటి పొర పైతలం నుంచి, అడుగుతలం నుంచి వచ్చిన వెలుగులు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణిగిపోతాయి. టైటానియం బదులు ఇనుప ఆక్సైడ్ పూత వేస్తే కంచు, రాగి వన్నెలు వస్తాయి. రేకు పెద్దదైతే మిలమిల, చిన్నదైతే పట్టులాంటి మెత్తని నిగారింపు. మేస్త్రీకి నానోమీటర్ల లెక్క అక్కర్లేదు. అతను డబ్బా తెరిచి, కర్రతో అడుగు దాకా కలిపి, చూపుడువేలికి ఒక బొట్టు అంటించుకుని కిటికీ వెలుగులో వేలిని అటూ ఇటూ తిప్పేవాడు. ఏ రేకు ఎంత పెద్దదో వేలి మీద తెలిసిపోయేది.

గోడను అద్దం చెయ్యడం

రంగు తెచ్చినా వారం దాకా డబ్బా మూత తీయలేదు. ఆ వారమంతా గోడదే. మామూలు రంగు గోడ లోపాలను కప్పుతుంది. మెరిసే రంగు వాటిని ఎత్తి చూపుతుంది, ఎందుకంటే ప్రతి రేకూ తన కింద ఉన్న ఎత్తుపల్లాన్ని బట్టే ఒరుగుతుంది. అందుకని మొదట పాత సున్నం గీకి, పగుళ్ళు పూడ్చి, లప్పం రెండు చేతులు పెట్టాడు. మొదటి చెయ్యి అడ్డంగా, రెండోది నిలువుగా. ఆరాక ఎమరీ పేపరు, ముందు గరుకుది, తరవాత నున్ననిది. దుమ్ము తడిగుడ్డతో తుడిచి ప్రైమర్.

పరీక్ష మాత్రం చీకటి పడ్డాక. గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పోనిచ్చాడు. పగలు పాలరాయిలా కనబడిన గోడ మీద ఒక్కసారిగా గుంతలు, గీతలు, బ్లేడు ఆగిన చోట గట్లు లేచాయి. ప్రతి దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. మర్నాడు సున్నాలున్న చోటల్లా మళ్ళీ లప్పం, మళ్ళీ ఎమరీ. ఆ రాత్రి మళ్ళీ టార్చి. మూడో రాత్రికి గాని పెన్సిలు జేబులోంచి బయటికి రాకుండా ఉండలేదు.

ఈ మధ్యలో రెండడుగుల ప్లైవుడ్ ముక్కల మీద మచ్చులు వేసుకున్నాడు. ఇనుముకు మూడు, రాగికి నాలుగు, ఇత్తడికి నాలుగు. వాటిని పీట మీది వస్తువుల పక్కన నిలబెట్టి పొద్దున, మధ్యాహ్నం, దీపం పెట్టాక, మూడు వేళల్లో చూసేవాడు. మూడు వేళల్లోనూ చెంబు పక్కన నిలబడగలిగిన మచ్చునే గోడకు ఎక్కించాడు.

ఇనుము: కర్రు నేర్పిన పాఠం

తలుపు మామూలు ఫ్లష్ డోర్. దాని మీద పలచటి ప్లైవుడ్ పట్టీలు అడ్డంగా అతికించి, వాటి మీద తరిమెన పట్టించిన చెక్క బొడిపెలు వరసకు ఐదు చొప్పున ఆరు వరసలు బిగించాడు. కోట తలుపులకు ఇలాంటివి ఏనుగులు నుదుటితో కుమ్మకుండా కొట్టేవారు, అవి మొనదేలి ఉండేవి. ఇది పిల్లవాడి గది కనుక మొనలు గుండ్రం చేయించాడు.

సుత్తి దెబ్బలు తిన్న ఇనుము నున్నగా ఉండదు. అందుకని పలచటి లప్పాన్ని స్పాంజితో అద్దాడు. అది సగం ఆరిన వేళకు బ్లేడు వీపుతో మెల్లగా నొక్కాడు. లేచిన మొనలు అణిగి, మధ్యలో చిన్న చిన్న పల్లాలు మిగిలాయి. కమ్మరి కొట్టిన రేకులాగే ఉంది. దాని మీద వేసిన రంగు నలుపు కాదు. ఒట్టి నలుపు వేస్తే అది రంగు వేసిన చెక్కలాగే కనబడుతుందట. నలుపులో కాస్త గోధుమ, కాస్త నీలం కలిపాడు. ఆరాక పెన్సిలు ముల్లు చేసే గ్రాఫైటు పొడిని పొడిగుడ్డతో తీసుకుని పట్టీల అంచుల మీద, బొడిపెల నెత్తి మీద రుద్దాడు. గ్రాఫైటు కూడా పొరల పదార్థమే, రుద్దినకొద్దీ దాని రేకులు చదునుగా పడుకుంటాయి. ఇనుముకుండే జిడ్డులాంటి చల్లని మెరుపు అక్కడ పుట్టింది.

ఆపైన తుప్పు. ఇక్కడే మేస్త్రీ కర్రును చేతిలోకి తీసుకున్నాడు. మట్టిలో దిగి రాపిడి తిన్న మొన నున్నగా, నల్లగా మెరుస్తోంది. నాగలిలో ఇరుక్కునే భాగం ఎర్రగా గుల్లబారి ఉంది. తుప్పు తనకిష్టమొచ్చిన చోట పట్టదు. నీరు నిలిచే చోట పుడుతుంది, నీరు జారే వైపు జారుతుంది, చెయ్యి తగిలే చోట నిలవదు. ఈ మూడు సూత్రాలే తలుపు మీదికి ఎక్కాయి. బొడిపెకూ పట్టీకీ మధ్య సందులో ముదురు గోధుమ. దాని కింద పలచన చేసిన రెడ్ ఆక్సైడ్ బొట్టుగా పెట్టి, పైనుంచి నీళ్ళు చిలకరించి దానంతట అదే జారనిచ్చాడు. చార చివర నారింజ కలిసిన పసుపును స్పాంజి మూలతో అంటీ అంటనట్టు అద్దాడు. పాత తుప్పు ముదురుగా, కొత్త తుప్పు వెలుగుగా ఉంటుంది మరి. గడియ చుట్టూ జానెడు మేర మాత్రం తుప్పు లేదు. అక్కడ గ్రాఫైటు మరో రెండు సార్లు రుద్దాడు. కొన్ని తరాల చేతులు ఆ గడియ తీసినట్టు ఉంది.

ఆ తుప్పు ఒట్టి నటన కూడా కాదు. రెడ్ ఆక్సైడ్ అంటే ఇనుప ఆక్సైడే. తుప్పూ దాని సంతతే. మన గడపలకు, అరుగులకు పూసే జాజు కూడా ఆ కుటుంబంలోదే.

రాగి: కాలం నడిచిన వరసలో

రాగిపలకకు ఆధారం ఒక ప్లైవుడ్ ముక్క. అచ్చు కత్తిరించిన రేకును దాని మీద పెట్టి, లప్పాన్ని అందులోంచి నొక్కి, తామరలు, హంసలు, తీగలు ఉబ్బెత్తుగా తేల్చాడు. అచ్చు ఎత్తాక అంచులు పదునుగా ఉంటాయి. సాగగొట్టిన రాగిరేకు మీద బొమ్మ అంచులు మెత్తగా వంగుతాయి. కాబట్టి తడివేలితో ప్రతి అంచునూ నిమిరాడు. దానికే రెండు పూటలు పట్టింది.

రంగుల వరస చూస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. నిజమైన రాగి గాలికి మొదట ఎర్రగోధుమ ఆక్సైడుగా మారుతుంది, తరవాత నల్లబడుతుంది. ఏళ్ళ తరబడి తేమ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలాక పచ్చటి కార్బనేటు పడుతుంది. దాన్నే కిలుం అంటాం, చిలుము అంటాం. మేస్త్రీ రంగులు కూడా అదే వరసలో పడ్డాయి. అడుగున జాజు రంగు. దాని మీద రాగి మైకా పలచగా మూడు పూతలు, ప్రతి పూతకూ మధ్య నాలుగైదు గంటల విరామం. ఆపైన నీళ్ళలా పలచన చేసిన ముదురు గోధుమ పలకంతా పూసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేశాడు. ఉబ్బెత్తుల మీద రంగు పోయింది, పల్లాల్లో మిగిలింది. బొమ్మలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. చివరగా కిలుం. ప్రకృతికి దశాబ్దాలు పట్టే పనిని అతను ఏడు పొద్దుల్లో చేశాడు, వరస మాత్రం తప్పలేదు.

కిలుం రంగు కలపడంలో ఒక మెలకువ ఉంది. లోహం మెరుస్తుంది, కిలుం మెరవదు. అది పిండిలా పొడిపొడిగా ఉంటుంది. నీలం వైపు మొగ్గిన ఆకుపచ్చలో సుద్దపొడి కలిపి మెరుపు చంపాడు. పల్లాల్లో కుచ్చు బ్రష్‌తో పొడిచి, నీళ్ళు చిలకరించి, అది కిందికి పారబోతుండగా గుడ్డతో ఒత్తి తీశాడు. తీసిన చోట తెల్లటి మరకలాంటి అంచు మిగిలింది. చెంబు మెడ కింద, చెయ్యి దూరని మడతలో ఉన్నదీ అదే అంచు. హంస ముక్కుకు, తామర రేకు కొసకు మాత్రం దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో రాగి రంగు మళ్ళీ తగిలించాడు. దారిన పోయేవాళ్ళ చెయ్యి తగిలి అరిగినట్టు.

అమ్మ ఆ పలక చూసి, "కళాయి పోయిన గిన్నెలో పులుసు పెట్టినట్టుందే" అంది. సరిగ్గా పోల్చింది. పులుపు రాగిని కరిగించి పచ్చ విషం పుట్టిస్తుందనే కదా మన ఆడవాళ్ళు వంట గిన్నెలకు కళాయి పోయించేది. ఉదయగిరి వైపు గరిమెనపెంట దగ్గర పూర్వం రాగి తవ్విన గుంతలున్నాయి. ఆ లోహపు మంచిచెడ్డలు ఈ ఇళ్ళకు కొత్త కాదు.

ఇత్తడి: బిందెలో కిటికీ

అన్నిటికన్నా కష్టమైనది స్తంభం. తలుపుకు బొడిపెలున్నాయి, పలకకు ఉబ్బెత్తులున్నాయి. స్తంభానికి చదునైన గోడ తప్ప ఏమీ లేదు. గుండ్రదనం మొత్తం వెలుగునీడలతోనే రావాలి.

మేస్త్రీ బిందెను కిటికీ దగ్గర పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, ఎడమ నుంచి కుడికి ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నాడు. బంగారు రంగు ఒక్కటే కనబడుతోందన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. నిదానంగా చూస్తే అయిదు చారలు తేలాయి. ఒక మాదిరి పసుపు. దాని పక్కన కత్తి గీసినట్టు సన్నని వెలుగు, అది వంగిన కిటికీ. దాన్ని ఆనుకునే, ఏ మధ్యఛాయా లేకుండా, దాదాపు కాఫీ గింజంత ముదురు. మళ్ళీ మెల్లగా పసుపు. చివరి అంచున నేల నుంచి తిరిగి వచ్చిన మసక వెలుగు. మట్టికుండ మీద వెలుగు నీడలోకి మెల్లగా జారుతుంది. లోహం మీద వెలుగూ చీకటీ పక్కపక్కనే భుజం భుజం కలిపి నిలబడతాయి. ఎందుకంటే లోహం తన రంగు కన్నా ఎదుట ఉన్నదాన్నే ఎక్కువ చూపిస్తుంది.

ఇంకొకటి కూడా అతనే చూపించాడు. పింగాణీ కప్పు మీది మెరుపు తెల్లగా ఉంటుంది, కప్పు ఏ రంగుదైనా సరే. బిందె మీది మెరుపు తెలుపు కాదు, లేత పసుపు. ఇత్తడి, రాగి, బంగారం తాము తిప్పి పంపే వెలుగుకు కూడా తమ రంగు పులుముతాయి. స్తంభం మీద వెలుగు చారకు తెల్లరంగు వాడితే అది ప్లాస్టిక్ అయిపోతుంది. అందుకని వెండి మైకాలో బంగారు మైకా కలిపి, వెన్నలాంటి లేత వన్నె తయారు చేసుకున్నాడు.

అడుగున ఇక్కడా జాజు రంగే. బంగారు రేకు అతికే పనివాళ్ళు కూడా రేకు కింద ఎర్రమట్టి పూత వేసే సంప్రదాయం ఉంది. పైరంగు ఎక్కడ పలచబడినా కిందినుంచి వచ్చే ఎరుపు దానికి వెచ్చదనం ఇస్తుంది. దాని మీద బంగారు మైకా మూడు పూతలు. ముదురు చారల్లో పారదర్శకమైన గోధుమ పూత, వెలుగు చారలో లేత వన్నె. రెండు చారలు కలిసే అంచును, తడి ఆరకముందే, మెత్తని పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్క ఊపులో నిమరాలి. మన ఎండలకు ఆ తడి నిమిషాల్లో ఎగిరిపోతుంది. అందుకే తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టి, ఎండ కిటికీ ఎక్కేలోపు బ్రష్‌లు కడిగేసేవాడు.

ఎడమ స్తంభానికి వెలుగు చార కుడివైపున ఉంది, కుడి స్తంభానికి ఎడమవైపున ఉంది. కిటికీ వాటి మధ్యలో ఉంది కనుక. గదిలోకి వచ్చేవాళ్ళెవరూ ఈ సంగతి పట్టించుకోరు. కానీ ఇది తప్పితే రెండు స్తంభాలూ గోడలోకి పడిపోతాయి.

మైకా రంగులో బ్రష్ నడిచిన దిక్కు దాగదు. రేకులు బ్రష్ వెంట ఒరుగుతాయి. ఒకచోట పైకి, ఒకచోట కిందికి దువ్వితే పట్టుచీర మడతలా రెండు ఛాయలు కనబడతాయి. అందుకే రంగును ఎటు పూసినా చివరి చెయ్యి మాత్రం ఎప్పుడూ పైనుంచి కిందికే. ఒక ఉదయం మేనల్లుడు ఉత్సాహం ఆపుకోలేక తడి స్తంభాన్ని వేలితో తాకాడు. చిటికెన వేలి గోరంత మచ్చ. అక్కడ మాత్రం కాస్త రంగు పూస్తే సరిపోదా అని నేనడిగాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. అతుకు పెట్టిన చోట రేకులు వేరే వాలులో ఆరుతాయి, ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. పిల్లవాణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ చారను పైకప్పు నుంచి నేల దాకా మళ్ళీ వేశాడు.

అన్నీ ఒక చోటికి

మూడు లోహాలూ ముగిశాక పైన రక్షణపూత. ఇక్కడ తొందరపడితే చేసిందంతా పాడవుతుంది. అన్నిటికీ ఒకే వార్నిష్ పూస్తే అన్నీ ఒకే వస్తువులా కనబడతాయి. ఇనుముకు మెరుపులేని పూత, ఇత్తడికి కొద్దిపాటి నిగారింపు ఉన్నది, రాగికి ఆ రెంటి మధ్యది. కిలుం మీద మాత్రం మెరుపు తగలకుండా బ్రష్‌ను తప్పించుకుంటూ పోయాడు. మిగిలిన గోడలకు మెరుపే లేని రాతి రంగు వేశాడు. చుట్టూ మౌనంగా ఉంటేనే మెరిసేది మెరుస్తుంది.

చివరిది దీపం. గది నడినెత్తిన ఉన్న ట్యూబులైటు తీయించాడు. అన్నివైపులా సమానంగా పడే తెల్లని వెలుగులో రేకులన్నీ ఒకేలా జవాబిస్తాయి, లోహం రంగుగా మిగిలిపోతుంది. దాని బదులు కిటికీ ఉన్న గోడ మూలల్లో, మోకాలి ఎత్తున, పసుపు వెలుగునిచ్చే రెండు చిన్న దీపాలు పెట్టించాడు. వెలుగు పక్కవాటుగా పోయేసరికి తలుపు మీది సుత్తి గుంతలు లోతెక్కాయి. మొదటి వారం గోడలో లోపాలు పట్టుకోవడానికి వాడిన పక్కవాటు వెలుగే ఇప్పుడు పనితనాన్ని చూపడానికి పనికొచ్చింది.

రంగుతో, పలచటి రేకుతో లోహాన్ని మరిపించడం మనకు కొత్త విద్య కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం తెరల మీద రాజసభల బంగారు స్తంభాలను రంగుతోనే నిలబెట్టింది. నిర్మల్ పనివాళ్ళ బంగారు వన్నె ఎంత పేరు పొందిందో చెప్పనక్కర్లేదు. వీధి భాగవతుల కిరీటాలు, భుజకీర్తులు తేలికపాటి చెక్క, జిగినా కాగితం, అద్దం ముక్కలే. వీటిని చూసి ఎవరూ మోసపోలేదు. చెక్క అని తెలిసీ కిరీటానికి దణ్ణం పెట్టారు.

మేస్త్రీ పని చూశాక నాకు ఆ దణ్ణం అర్థమైంది. అమ్మ దగ్గర ఆ బిందె నా పుట్టుకకు ముందు నుంచీ ఉంది. అందులో నీళ్ళు తాగి పెరిగాను. దాని ఒంటి మీద అయిదు చారలున్నాయని, మెరుపు తెలుపు కాదని, మెడ కింద కిలుం ఏ వంపులో మొదలవుతుందో ఏ వంపులో ఆగుతుందో నాకు తెలియదు. ఇత్తడి ఉన్న నేను ఇత్తడిని చూడలేదు. ఇత్తడి లేకుండా దాన్ని చెయ్యాల్సినవాడు చూశాడు. నకలు దించాలంటే అసలును అక్షరం అక్షరం చదవాలి. ఆ చదువే ఆ గోడల మీద ఉంది.

నలభయ్యో రోజు సాయంత్రం మేస్త్రీ సామాను సర్దుకుని, పీట మీది మూడు వస్తువులనూ అమ్మకు అప్పగించాడు. "ఇప్పుడు తోముకోండమ్మా" అన్నాడు. అమ్మ ఆ రాత్రే చింతపండు నానబెట్టింది. తెల్లారి బిందె కొత్త పెళ్ళికూతురిలా వంటింటి గట్టు మీద మెరుస్తోంది. దాని మెడ కింద వేలి వెడల్పున ఉండే కిలుం గీత, కుడివైపు కాస్త మందంగా, నడుమ తెగి, మళ్ళీ మొదలయ్యే గీత, జాడ లేకుండా పోయింది. ఆ గీత ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు వెనక గదిలోకి వెళ్ళాలి. ఎడమ స్తంభం మీద, పైనుంచి రెండో కట్టు కింద, అదే వంపుతో, అదే తెగిన చోటుతో ఉంది.